రేపు రమ్మనే మనిషి

మొన్న శనివారం లక్సెట్టిపేటలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీట్లోకి ఒక పెద్దావిడ వచ్చి కూలబడింది. ఒళ్లో తడిబట్ట చుట్టిన మూట. బస్సు కదిలి గాలి తగలగానే ఆ మూటలోంచి వాసన వచ్చింది. తడిసిన తునికాకు, దానికి అంటుకున్న తంబాకు ఘాటు. బీడీలు చుట్టే ఇళ్లలో పెరిగినవాళ్లు ఆ వాసనను పట్టించుకోనైనా పట్టించుకోరు. నేను పెరిగింది హుస్నాబాద్ దగ్గర, పత్తి చేలు, మక్క చేలు ఉన్న ఊళ్లో. అందుకే నాకు అది ఒక్క మనిషి వాసన. తెలియకుండానే "లచ్చవ్వా" అనేశాను. పక్కావిడ నావైపు తిరిగి, "నా పేరు రాజవ్వ బిడ్డా. లచ్చవ్వ ఎవలు?" అంది. కరీంనగర్ వచ్చేదాకా ఆమెకు చెబుతూనే ఉన్నాను. దిగేసరికి సగం కూడా కాలేదు. మిగిలిన సగం కడుపులో పెట్టుకోలేక ఇది రాస్తున్నాను.

నేను చేసేది ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠం చెప్పే పని. మాట ఆలస్యంగా వచ్చేవాళ్లు, చేతులు చెప్పినట్టు వినని వాళ్లు, అందరితో పాటు అక్షరాన్ని పట్టుకోలేని వాళ్లు మామూలు సర్కారు బడిలోనే ఉంటారు. వాళ్ల కోసం ఒక గది, ఒక టీచరు, ఒక ఆయా. నా మొదటి కొలువు కరీంనగర్ వైపు ఒక నేతగాళ్ల ఊళ్లో పడింది. బడి చుట్టూ రేకుల షెడ్లు, వాటి నిండా సాంచలు. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. పొద్దున మొదలైన మోత ఇక ఆగదు, అందుకే ఆ ఊళ్లో అందరూ కొట్లాడుకుంటున్నట్టే మాట్లాడుకుంటారు. మగవాళ్లు సాంచల దగ్గర, ఆడవాళ్లు బీడీల చాటల ముందు. అప్పుడే శిక్షణ ముగించుకున్న నేను రెండు సంచుల నిండా రంగు రంగుల చార్టులు మోసుకుని ఆ ఊళ్లో దిగాను. మస్కట్‌లో పనిచేసే మా బాపు తన గదిలో ఉండే వాళ్లందరికీ "మా బిడ్డ టీచరైంది" అని చెప్పుకున్నాడట. నాకూ కాళ్లు నేల మీద లేవు.

లచ్చవ్వ ఆ గది ఆయా. అరవై దగ్గర పడిన మనిషి. ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టి, నడుము పట్టేశాక బళ్లో చేరింది. ఎంత సబ్బు రుద్దినా వేళ్లకు ఆ వాసన పోలేదు. మొదటిరోజు నేను గోడ నిండా చార్టులు అంటిస్తుంటే గుమ్మంలో నిలబడి చూసి చూసి, "గివన్ని గోడకు సదువు చెప్తయా, పిల్లలకా?" అంది. నాకు ఒళ్లు మండింది. వారం తిరిగేసరికి కింది వరుస చార్టులన్నీ పిల్లలు చించేశారు. ఆమె ఒక్క మాటా ఎత్తిపొడవలేదు. మరునాడు కొంగులో రంగు నూలు కండెలు కట్టుకొచ్చి బల్ల మీద పోసింది. కండె అంటే మగ్గం కోసం నూలు చుట్టిన చిన్న గొట్టం, ఆ వీధి పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన వస్తువు. నా చార్టు మీద ఎరుపేదో పసుపేదో చెప్పలేని పిల్లలు ఆ కండెలను రంగులవారీగా వరుస పెట్టారు. ఆ రోజు నుంచి ఆమెను నాకంటే తక్కువదానిలా చూడడం మానేశానని రాస్తే బాగుంటుంది కానీ, అది అబద్ధం. దానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

ఆమె సాధుమనిషేమీ కాదు. మధ్యాహ్న భోజనం వండే ఆమెతో రోజూ లడాయి. మా పిల్లల ప్లేట్లలో పప్పు పలచగా పడితే చేతిలో గరిటె గుంజుకునేది. మేం పెద్దసారు అని పిలిచే ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి పోయి, "మేడం చెప్పింది సార్, కొత్త చాపలు కావాల్నట" అని నా పేరు మీద అబద్ధం ఆడేది. చాపలు వచ్చాక, "నువ్వు అడగవు, సారు ఇయ్యడు. నడుమ నేను పరేషాన్ కావాల్నా?" అని నన్నే కసిరేది.

సాయంత్రం గంట కొట్టాక ఆమెకు ఒక అలవాటుండేది. గేటు పక్కన నిలబడి మా గది పిల్లలను ఒక్కొక్కరినీ ఆపి, గడ్డం పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, "రేపు రా" అనేది. శనివారమైతే "ఎల్లుండి రా." చెవులు వినపడని మహేశ్‌కు చేత్తో సైగ చేసి, వాడు తిరిగి సైగ చేసేదాకా వదిలేది కాదు. అయిదుగురు పిల్లలకు అది పావుగంట పని, ఈలోగా నా బస్సు వెళ్లిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"రోజు రానే వస్తరు గదా లచ్చవ్వా. రోజు చెప్పాల్నా?"

"నువ్వు ఈ బడికి ఊకెనే వచ్చినవా, ఎవలన్న రమ్మన్నరా?"

"ఆర్డర్ కాయితం వచ్చింది."

"గంతే మరి. వీళ్లకు కాయితం ఎవలిస్తరు? నేనే కాయితం."

ముసలామె చాదస్తం అనుకుని నవ్వుకున్నాను.

రోజూ మధ్యాహ్నం ఆమె కొడుకు సత్తెన్న టిఫిన్ డబ్బా తెచ్చేవాడు. నలభై దాటిన మనిషి, సాంచల షెడ్డులో కండెలు అందించే పని, నూనె పెట్టి నున్నగా దువ్విన తల, మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కా. గేటు బార్లా తీసి ఉన్నా లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. గేటు కింద ఇనుప పట్టీ దగ్గర ఆగి, చెయ్యి మాత్రం ముందుకు చాపి, "అవ్వా, బువ్వ" అనేవాడు. ఎండలోనూ అంతే, వానలోనూ అంతే. అతనికీ మా పిల్లల్లాగే బుద్ధి కాస్త నెమ్మదని చూడగానే తెలిసేది. సిగ్గరి అనుకున్నాను. ఇలాంటివాళ్ల కోసమే చదువుకుని వచ్చిన నాకు, ఏడాదిలో ఒక్కసారైనా ఎందుకు రాడని అడగాలని తోచలేదు.

మా అయిదుగురిలో శ్రావణికి పదేళ్లు. నాలుగో తరగతి రిజిస్టర్లో పేరుంది, అక్షరాలు ఆరో ఏడో వచ్చు. చెప్పిన మాటను చెప్పినట్టే పట్టుకునే పిల్ల. ఒకరోజు "నేను వచ్చేదాకా ఈడనే కూసో" అని వరండాలో కూర్చోబెట్టి, పెద్దసారు పిలిస్తే వెళ్లి మరిచిపోయాను. భోజనాల గంట కొట్టారు, బడి అంతా తినేసి చేతులు కడుక్కుంది. నేను వచ్చి చూస్తే అది గోడకు ఆనుకుని అక్కడే ఉంది. "వచ్చినవా మేడం?" అని లేచి ప్లేటు తెచ్చుకోవడానికి పోయింది. ఆ సంగతి మిగతా టీచర్లకు నవ్వుతూ చెప్పాను. లచ్చవ్వ ఒక్కతే నవ్వలేదు. "గా పిల్లకు మాటిచ్చేటప్పుడు జర సోయితోని ఇయ్యాలె బిడ్డా" అంది. వినీ విననట్టు ఊరుకున్నాను.

చలికాలంలో లచ్చవ్వ చెల్లెలి బిడ్డ కాన్పుకని శ్రీరాంపూర్ పోయింది. పదిహేను రోజుల సెలవు. సరిగ్గా అప్పుడే జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ప్రతి తరగతిలో ప్రతి పిల్లవాడి చేతా చదివిస్తారట. పెద్దసారు నన్ను పిలిచి, "మేడం, మీ రూం పిల్లలను గా రెండు రోజులు ఇంటికాడనే ఉండమనుండ్రి. ఊరంత చేసేదే, మనమేం కొత్తగ చేస్తలేం" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, బడికి చెడ్డపేరు వస్తుందని భయం. నేను ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఏడాది గడిచినా ఆ పిల్లలకు నేను నేర్పింది ఎంత తక్కువో ఎవరి కంటా పడదు కదా.

నలుగురి ఇళ్లకు పోయి తల్లిదండ్రులకు చెప్పాను. శ్రావణి తల్లి రేణుక బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయింది, ఇంట్లో లేదు. అందుకని పిల్లకే చెప్పేశాను. "రేపటి సంది బడికి రాకు. నేను చెప్పినప్పుడు రా." తల ఊపింది. తనిఖీ అయిపోయింది, నలుగురు పిల్లలూ తిరిగొచ్చారు. శ్రావణి రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. తరువాత ఏవో ఫారాలు నింపడంలో పడ్డాను. ఇంకో రోజు, ఇంకో రోజు అనుకుంటూనే పది రోజులు గడిచిపోయాయి.

లచ్చవ్వ తిరిగొచ్చిన పొద్దున గదిలోకి వస్తూనే చాప మీద పిల్లలను వేలితో లెక్కపెట్టింది.

"శ్రావణేది?"

"వస్తలేదు. పానం బాగలేనట్టుంది."

"ఎవలు చెప్పిండ్రు?"

తనిఖీ సంగతి, నేను చెప్పిన మాట, మొత్తం చెప్పాను. చెబుతుండగానే నేను చేసిందేమిటో నాకు అర్థమైంది. లచ్చవ్వ "నడువు" అని చెప్పులు తొడుక్కుంది.

రేణుక వాకిట్లో చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. పక్కనే రేకుల షెడ్డు, తలుపు తీసి ఉంది. లోపల శ్రావణి కండెలు చుట్టే మిషన్ ముందు పీట మీద కూర్చుని ఉంది, జుట్టు నిండా నూలు దుమ్ము. నన్ను చూసింది, కానీ లేవలేదు. రేణుక తలెత్తకుండానే మాట్లాడింది. "మీరే వద్దన్నరట గద మేడం. పొద్దుగాల లేస్తది, యూనిఫాం ఏస్కుంటది, బ్యాగు పెట్టుకొని గడప మీద కూసుంటది. పిల్లలందరు పోయేదాక సూస్తది. పోవే అంటే, మేడం చెప్పలే అంటది. నాలుగొద్దులు సూసిన, నా పానం పట్టలే. యూనిఫాం ఇప్పించి గా మిషన్ కాడ కూసోబెట్టిన. సాంచల సేటుకు గుడ చెప్పిన, ఇగ రోజు వస్తదని. దానికి సదువెట్లగూ రాదు. మీకు గుడ గదే కావాలె గదా?"

నేను తప్పు నాదేనన్నాను. సర్కారు నియమాలు చెప్పాను, పిల్ల హక్కు అన్నాను. శిక్షణలో నేర్చుకున్నవన్నీ అప్పజెప్పాను. రేణుక కత్తెర ఆగలేదు. నాలుగు రోజులు గడప మీద కూర్చున్న పిల్లను చూసిన తల్లికి నా మాటలు ఏం ఆనుతాయి? ఇక శ్రావణి బడి అయిపోయిందనుకున్నాను. చేజేతులా నేనే ముగించేశాననుకున్నాను.

అప్పుడు లచ్చవ్వ రేణుక ఎదురుగా కూర్చుని, చాటలోంచి ఒక ఆకు తీసి, తంబాకు పోసి చుట్టడం మొదలుపెట్టింది. నాలుగైదు బీడీలు చుట్టి పక్కన పెట్టింది. తరువాత, చేతులు ఆపకుండానే అంది.

"మా సత్తిగాన్ని దినాం సూస్తనే ఉంటవ్ గద రేణుకా. ఆడు గేటు ఎందుకు దాటడో ఎర్కేనా? వానికి ఏడేండ్లప్పుడు అప్పటి సారు, 'రేపటి సంది వీన్ని తీస్కరాకమ్మా' అన్నడు. సరే సార్ అన్న. మల్ల ఎప్పుడు తీస్కరావాలె సార్ అని అడగాలె గదా. అడగలే. నాకు గంత నోరు లేకుండె. సారు అన్నది ఒక్క మాట, ఆణ్ని ఇంట్ల కూసోబెట్టింది మాత్రం నేనే. గిప్పుడు గుడ దినాం బడిదాక వస్తడు, లోపటికి రాడు. సారు తప్పు సారుది, నా తప్పు నాది. గీ మేడమ్ తన తప్పు ఒప్పుకునేటందుకు నీ ఇంటికొచ్చింది. నా కాడికి ఎవలు రాలే."

రేణుక కత్తెర ఆగింది. చాలాసేపు షెడ్డు వైపు చూసింది. "మల్లొక్కనాడు వద్దన్నరంటే మాత్రం నేను పంప" అంది చివరికి. లచ్చవ్వ నా వైపు తిరిగి, "సూస్తవేంది? వద్దన్నదానివి నువ్వే. నువ్వే పోయి చెప్పు" అంది.

షెడ్డులోకి పోయి పిల్ల ముందు నేల మీద కూర్చున్నాను. "శ్రావణీ, నేను నీకు చెప్పుడు మర్శిపోయిన. తప్పు నాది. బడికి రా." అది మిషన్ ఆపి నా మొహం పరీక్షగా చూసింది. "గిప్పుడు చెప్తున్నవా మేడం?" "చెప్తున్న." "రేపు గుడ రావాల్నా?" "రేపు గుడ రా. దినాం రా." లేచి, లంగాకు అంటిన నూలు దులుపుకుని, లోపలికి పోయి బ్యాగు తెచ్చుకుంది. బ్యాగు సర్దే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. లచ్చవ్వ మాత్రం, "ఏడ్సుడు తర్వాత, భోజనాల యాళ్ల అయితుంది" అని మా ఇద్దరినీ ముందుకు తోసింది.

మేం బడికి చేరేసరికి సత్తెన్న డబ్బాతో గేటు బయట నిలబడి ఉన్నాడు. ఆ ఇనుప పట్టీని నేను మొదటిసారి సరిగ్గా చూశాను. మరి ఇన్నేళ్లలో లోపలికి పిలవలేదేమని లచ్చవ్వను అడిగాను. "నేను పిలిస్తే రాడు. సారు వద్దన్నడు, సారే రమ్మనాలె గదా. ఏ సారును అడిగినా, 'రానీ, ఎవలొద్దన్నరు?' అని నాకు చెప్పిండ్రు. వానికి చెప్పలే" అంది. నాకు అప్పుడు తట్టింది, నేనూ ఆ బడి టీచరునేనని. అతని ముందుకు పోయి నిలబడ్డాను. "అన్నా, నేను ఈ బడి టీచర్ను. లోపటికి రా." తల్లి మొహం చూశాడు. ఆమె కళ్లతో నన్నే చూపించింది. నేను మళ్లీ చెప్పాను. సత్తెన్న చెప్పులు విడిచి, వాటిని గేటు పక్కన జతగా పెట్టి, కుడికాలు ఎత్తి పట్టీ దాటించాడు. గదిలోకి వచ్చి చిన్నపిల్లల బల్ల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఆ పూట లచ్చవ్వ తిన్నది లేదు. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. సాయంత్రం గేటు దగ్గర అయిదుగురి తరువాత ఆరో మనిషి నిలబడ్డాడు. అతని గడ్డం పట్టుకోవడానికి ఆమె చెయ్యి పైకి చాపాల్సి వచ్చింది.

ఆ తరువాత ఏడు మళ్లీ తనిఖీకి వచ్చారు. ఈసారి పిల్లలను ఇంటికి పంపనని పెద్దసారుతో చెప్పాను. వచ్చిన అధికారి శ్రావణిని పలక మీద ఏదైనా రాయమంటే తన పేరు రాసింది, వత్తు మరిచిపోయి. ఎవరు నేర్పారని అడిగితే లచ్చవ్వను చూపించింది. అధికారి ఆమెకు నమస్కారం పెట్టి, "మీరు ఏం చదివారమ్మా?" అన్నాడు. "నేనా? తంబాకు" అంది లచ్చవ్వ. పెద్దసారు కూడా నవ్వేశాడు. బడికి చెడ్డపేరేమీ రాలేదు.

శ్రావణి ఇప్పుడు పెద్దదైంది. అదే వీధిలో కుట్టుమిషన్ నేర్చుకుంటోంది. చదవడం కొంచెం వచ్చు, బస్సు బోర్డు చూసి ఎక్కగలదు. నేను లక్సెట్టిపేటకు మారాను. ఇక్కడ నా గదిలో తొమ్మిదిమంది పిల్లలు. సాయంత్రం గేటు దగ్గర నేనే నిలబడతాను. గడ్డం పట్టుకుని, పేరు పెట్టి చెబుతాను. కొత్తగా వచ్చిన టీచరు, "ఎట్లాగూ వస్తారు కదా మేడం" అంటుంది. నేను తరువాతి పిల్ల గడ్డం పట్టుకుంటాను. నా బస్సు ఇప్పటికీ తప్పిపోతూనే ఉంటుంది.

పోయిన చలికాలంలో లచ్చవ్వ కన్నుమూసింది. కబురు తెలిసి వెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది. సత్తెన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకోలేదు, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. శ్రావణి, రేణుక లోపల వంట చేస్తున్నారు. ఇకనుంచి పొద్దూ మాపూ అతనికి బువ్వ తామే పెడతామని రేణుక చెప్పింది. సాయంత్రందాకా అతని పక్కన కూర్చున్నాను. ఆఖరి బస్సుకు టైమవుతోందని లేచి, "పోయొస్త అన్నా" అన్నాను. అతను నాతో పాటు గుమ్మందాకా వచ్చాడు. నా గడ్డం పట్టుకున్నాడు. వేళ్లకు తునికాకు వాసన లేదు, నూలు దుమ్ము వాసన ఉంది.

"మేడం, రేపు రా" అన్నాడు.

ఆ రోజు నేను లక్సెట్టిపేటకు తిరిగి పోలేదు. సెలవు ఇంకో రోజు పెంచమని ఫోన్ చేసి, రేణుక ఇంట్లో పడుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి పోయి చూసేసరికి సత్తెన్న తల నున్నగా దువ్వుకుని, గడప మీద కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు.